మూడో నంబరు హంతకుడు: సెయిజున్ సుజుకి 1967 సినిమాపై చర్చ

రీలుపెట్టె

సెయిజున్ సుజుకి తీసిన ‘కొరోషి నో రకుయిన్’ గురించి ఇక్కడ ఎవరూ విడిగా మాట్లాడినట్టు లేదు. ఇంగ్లీషులో ‘బ్రాండెడ్ టు కిల్’ అనే పేరుతో దొరుకుతుంది. 1967 జూన్ 15న విడుదలైంది. నలుపు తెలుపు సినిమా, నిడివి 91 నిమిషాలు. నిర్మించింది నిక్కత్సు సంస్థ.

కథ రెండు ముక్కల్లో చెప్పవచ్చు. జపాన్ నేరలోకంలో కిరాయి హంతకులకు వరస సంఖ్యలు ఉంటాయి. మన కథానాయకుడు గోరో హనదా మూడో నంబరు. అన్నం ఉడికే వాసన తగిలితే చాలు, అతడికి ఒళ్ళు తెలియదు. ఒక పనిలో గురి చూస్తుండగా సీతాకోకచిలుక వచ్చి తుపాకీ మీద వాలుతుంది. గురి తప్పి దారిన పోయే మనిషి చనిపోతాడు. ఆ క్షణం నుంచి అతడు వేటగాడు కాదు, వేట.

ఇది నవ్వించే సినిమా అని నా గట్టి నమ్మకం. చాలామంది దీన్ని అర్థం కాని కళాఖండంగా చూసి, భయభక్తులతో పక్కన పెడతారు. అలా చేస్తే అందులోని ప్రాణం పోతుంది. హత్యను ఉద్యోగంగా, ఉద్యోగాన్ని పదోన్నతుల మెట్లుగా చూసే మనుషులు ఇందులో ఉన్నారు. ఆ జాబితాను ఎవరు రాస్తారో, ఏ లెక్కన మారుస్తారో సినిమా ఎక్కడా చెప్పదు. అయినా ప్రతి ఒక్కడూ దానికోసమే బతుకుతాడు, దానికోసమే చస్తాడు. నవ్వంతా అక్కడి నుంచే పుడుతుందని నా వాదన. మీరంతా ఏమంటారు?

తెల్లకాగితం

నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి సగం దాటాక ఎవరు ఎవరిని ఎందుకు చంపుతున్నారో తెలియలేదు. రెండోసారి కథ తెలిసింది కానీ, ఒక దృశ్యం నుంచి ఇంకో దృశ్యానికి ఎలా వచ్చామో తెలియలేదు. కారులో ఉన్న మనిషి మరుక్షణం ఇంకెక్కడో ఉంటాడు. తలుపు తెరవడం, లోపలికి రావడం, కూర్చోవడం వంటివి ఏవీ ఉండవు.

నా అనుమానం సూటిగా అడుగుతాను. ఇది నిజంగా శైలేనా? చవకగా, తొందరగా తీసి చుట్టేసిన సినిమాకు మనం తరవాత గొప్ప పేర్లు పెట్టుకుంటున్నామా?

చీకటి గది

తెల్లకాగితం గారూ, తొందరగా తీశారన్నది నిజమే. సంస్థకు మొదట వచ్చిన స్క్రిప్టు నచ్చలేదు. తిరగరాయమని సుజుకికి అప్పగించారు. ఆయన చుట్టూ చేరిన రచయితల బృందం ‘హాచిరో గుర్యూ’ అనే ఉమ్మడి పేరుతో రాసింది. కళాదర్శకుడు తకేవో కిమురా, రచయితలు యోజో తనాకా, అత్సుషి యమతోయా, చూసెయ్ సోనె అందులోని వారే. షూటింగుకు నెల కూడా పట్టలేదు. ఎడిటింగు, డబ్బింగు విడుదలకు ముందురోజుతో పూర్తయ్యాయి. ఏ షాటు ఎలా తీయాలో సుజుకి ముందుగా బొమ్మలు గీసుకునేవాడు కాదు, చాలావరకు సెట్లో నిలబడే నిర్ణయించేవాడు.

కానీ తొందర వేరు, అజాగ్రత్త వేరు. నిక్కత్సులో అందరూ తొందరగానే తీసేవారు. సుజుకి 1956 నుంచి 1967 వరకు అదే సంస్థకు నలభై సినిమాలు తీశాడు. అన్ని సినిమాలు తీసిన చేతికి తలుపు తెరిచే షాటు ఎలా తీయాలో తెలియకపోవడం అంటూ ఉండదు. ఆ షాటును ప్రేక్షకుడు అప్పటికే వందసార్లు చూశాడనీ, మళ్ళీ చూపించనక్కర్లేదనీ ఆయనకు తెలుసు. మామూలు సినిమాలు ఎంతో సమయం పెట్టే చోట ఈయన కోసేస్తాడు. వాళ్ళు కోసేసే చోట ఆగుతాడు. హంతకుడు అన్నం కుక్కర్ మీదికి వంగి ఆవిరి పీల్చుకునే దృశ్యానికి ఎంత సమయం ఇచ్చాడో చూడండి.

కూర్పులో ఉన్న పట్టుకు హనదా వరసగా చేసే మూడు హత్యలే సాక్ష్యం. మొదటిది సిగరెట్ లైటర్ ప్రకటన బోర్డు చాటు నుంచి. బోర్డు మీద లైటర్ మూత కదిలి తెరుచుకున్నప్పుడే తుపాకీ గొట్టానికి సందు దొరుకుతుంది. రెండోది కంటి వైద్యుడిది. వైద్యుడు పైన చేతులు కడిగే తొట్టి మీదికి వంగి ఉంటాడు. హనదా నేలమాళిగలో ఆ తొట్టి నీటి గొట్టాన్ని విప్పి కిందనుంచి పైకి కాలుస్తాడు. మూడోదాంట్లో నేరుగా గదిలోకి దూసుకెళ్ళి, కాల్చి, కిటికీలోంచి దూకి, ప్రకటనల బెలూను పట్టుకుని తేలిపోతాడు. మూడూ కలిపి నిమిషాల్లో అయిపోతాయి. ఒక్కొక్కటి ఒక చిక్కుముడి, విప్పగానే నవ్వు వస్తుంది. ప్రాణం పోయిందన్న సంగతి ఆ నవ్వు వెనకాలే తగులుతుంది.

మల్లెపందిరి

అందరూ హత్యల తెలివిని మెచ్చుకుంటున్నారు. నాకు ఈ సినిమాలోని ఆడవాళ్ళ గురించి మాట్లాడాలని ఉంది.

హనదా భార్య మామి సినిమాలో ఎక్కువసేపు బట్టలు లేకుండానే కనిపిస్తుంది. భర్త చేత దెబ్బలు తింటుంది, అతణ్ణి కాల్చి ఇంటికి నిప్పు పెట్టి పారిపోతుంది, చివరికి అతడి చేతిలోనే చస్తుంది. ఇంకొకామె మిసాకో. గదినిండా సీతాకోకచిలుకలు, చచ్చిన పక్షులు. చావడమే తన కోరిక అంటుంది. వానలో కప్పు లేని కారు నడుపుతూ అతడికి ఎదురవుతుంది, కారు అద్దానికి చచ్చిన పిట్ట వేలాడుతూ ఉంటుంది. చాలా అందమైన దృశ్యం, ఒప్పుకుంటాను. కానీ ఒకామె కోరిక, ఇంకొకామె మృత్యువు. ఇద్దరిలో ఒక్కరైనా మనిషిగా ఉన్నారా? మగవాళ్ళ వెర్రి మీద నవ్వే సినిమాకు ఆ వెర్రి వల్ల దెబ్బతినే వాళ్ళు ఎందుకు కనిపించలేదు? నాకు ఇది పెద్ద లోపం. శైలి పేరు చెప్పి దాటవేయడం సరికాదు.

రీలుపెట్టె

మల్లెపందిరి గారూ, మామి విషయంలో మీ మాటకు నా దగ్గర ఎదురు లేదు. ఆ దెబ్బల దృశ్యాలు ఇప్పుడు చూస్తుంటే నాకూ నవ్వు రాదు.

మిసాకో సంగతి మాత్రం కొంచెం వేరుగా అనిపిస్తుంది. సినిమా మొత్తంలో నంబరు లేనిది, నంబరు అక్కర్లేనిది ఆమె ఒక్కతే. ఆమెను చంపుతానని మాటిచ్చినా హనదా చంపలేకపోతాడు. తన పని తాను మరిచిపోయే స్థితికి వస్తాడు. ఆమె మృత్యువుకు గుర్తు అనడం నిజమే, కానీ ఆ గుర్తు ముందు మగవాడి లెక్కలన్నీ పనికిరాకుండా పోతాయి.

ఆ పాత్ర వేసిన అన్ను మారి తండ్రి భారతీయుడు, తల్లి జపాన్ మహిళ. ఆ రోజుల్లో నిక్కత్సు కథానాయికల్లో అలాంటి ముఖం లేదు. రెప్ప వేయకుండా నేరుగా కెమెరాలోకి చూసే ఆ చూపే సగం సినిమాను మోసిందని నేను అంటాను.

మల్లెపందిరి

చూపు గొప్పదే. చివరికి ఆమె కూడా అతడి గుడ్డి తూటాకే బలి అవుతుంది కదా. ఆమె ముందు అతడి లెక్కలు పనికిరాకుండా పోతే ఆ తూటా ఎక్కడి నుంచి వచ్చింది? నా అభిప్రాయం మారలేదు.

పదహారు ఎంఎం

సినిమా తరవాత జరిగిన కథ తెలియకపోతే ఈ సినిమాకు ఇంత పేరు ఎందుకు వచ్చిందో అర్థం కాదు. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

సుజుకికి సంస్థ నుంచి హెచ్చరికలు ముందే ఉన్నాయి. 1966లో వచ్చిన ‘టోక్యో డ్రిఫ్టర్’లో యాకుజా (జపాన్ నేరముఠాల) కథను పసుపు, ఊదా, తెలుపు గదుల్లో పాటల సినిమాలా తీశాడు. పైవాళ్ళకు కోపం వచ్చింది. తరవాతి సినిమాలు నలుపు తెలుపులో తీయవలసి వచ్చింది. సంస్థ అణచాలని చూసిన కొద్దీ ఆయన ఇంకా దూరం వెళ్ళాడు. ఆ దూరమే ఈ సినిమా.

1968 ఏప్రిల్లో నిక్కత్సు ఆయన్ను తొలగించింది. సంస్థ అధ్యక్షుడు క్యూసాకు హోరి చెప్పిన కారణం ఒక్కటే: ఈయన సినిమాలు ఎవరికీ అర్థం కావు, డబ్బు రావు. సరిగ్గా అప్పుడే కజుకో కవకితా నడిపే సినిమా క్లబ్బు సుజుకి చిత్రాలను వరసగా ప్రదర్శించాలనుకుంది. నిక్కత్సు ప్రింట్లు ఇవ్వడానికి నిరాకరించింది. అంటే ఆయన ఉద్యోగం పోవడమే కాదు, తీసిన సినిమాలు కూడా జనానికి కనిపించకుండా పోయాయి.

సుజుకి కోర్టుకు వెళ్ళాడు. 1968 జపాన్‌లో విద్యార్థి ఉద్యమాలు ఉధృతంగా ఉన్న కాలం. విద్యార్థులు, తోటి దర్శకులు, విమర్శకులు ఆయనకు మద్దతుగా సంఘం కట్టి వీధుల్లోకి వచ్చారు. గల్లా పెట్టె కోసం తీసిన నేర సినిమాల దర్శకుడి కోసం ఊరేగింపు జరగడం నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడిచే విషయం. కేసు మూడేళ్ళకు పైగా సాగి, 1971 డిసెంబరులో రాజీతో ముగిసింది. ఆయనకు దక్కింది పది లక్షల యెన్లు, అడిగినదానిలో చిన్న వంతు. అదే ఏడాది నిక్కత్సు నష్టాల్లో కూరుకుపోయి శృంగార చిత్రాల వైపు మళ్ళింది.

గెలిచాడని అనాలా? 1977 దాకా ఆయనకు సినిమా ఇచ్చినవాడు లేడు. నలభై నాలుగేళ్ళ వయసులో, చేతిలో పని పండిన కాలంలో, పదేళ్ళు పోయాయి. టీవీ పని, ప్రకటనలు, వ్యాసాలతో నెట్టుకొచ్చాడు. 1980లో ‘జిగోయ్‌నర్‌వైజెన్’ తీసినప్పుడు దాన్ని గాలి నింపిన గుడారంలో ప్రదర్శించారు. ఆ సినిమాకే జపాన్ అకాడమీ ఉత్తమ చిత్రం పురస్కారం వచ్చింది.

ఓరుగల్లు పాఠకుడు

ఎవరూ మాట్లాడని పక్షం ఒకటి ఉంది, అది సంస్థ పక్షం. నిక్కత్సు నెలనెలా థియేటర్లకు కొత్త సినిమాలు పంపాలి. ఒకే టికెట్టుపై రెండు సినిమాలు వేసే పద్ధతి. టీవీ వచ్చి ప్రేక్షకులు తగ్గిపోతున్నారు. అందులో పనిచేసే వందలమందికి జీతాలు ఇవ్వాలి. సంస్థ అడిగింది జో షిషిదో కథానాయకుడిగా ఒక హంతకుడి సినిమా. వచ్చింది ఇది. యజమాని స్థానంలో ఉంటే మనలో ఎంతమంది ఊరుకునేవాళ్ళం?

ప్రింట్లు దాచిపెట్టడం తప్పు, అందులో వేరే మాట లేదు. కానీ ‘అర్థం కాలేదు’ అన్నందుకు హోరిని మూర్ఖుడిగా చూడటం న్యాయం కాదు. పైన తెల్లకాగితం గారు అడిగినదీ అదే కదా.

పదహారు ఎంఎం

వ్యాపార లెక్క మీరు చెప్పింది నిజం. ఆ లెక్క ప్రకారం కూడా తొలగించిన తీరు సమర్థనీయం కాదు. ఆ నెల జీతం రాదని ఆయనకు ఫోనులో చెప్పారు. పన్నెండేళ్ళలో నలభై సినిమాలు ఇచ్చిన మనిషి ఆయన. ఇచ్చిన స్క్రిప్టు దాదాపు ఎప్పుడూ వద్దనకుండా తీసి ఇచ్చాడు. ‘కొరోషి నో రకుయిన్’ కూడా చెప్పిన తేదీకే థియేటరులో ఉంది.

కృష్ణాతీరం

జో షిషిదో గురించి ఎవరైనా మాట్లాడతారని చూస్తున్నాను, నేనే మొదలుపెడతాను.

ఈ నటుడు 1950ల్లో శస్త్రచికిత్స చేయించుకుని బుగ్గలు పెద్దవి చేయించుకున్నాడు. అందగాడి ముఖంతో అవకాశాలు రావడం లేదని, గుర్తుండిపోయే ముఖం కావాలని. ఉడుత నోట్లో గింజలు దాచుకున్నట్టు ఉబ్బిన ఆ బుగ్గలతోనే ప్రతినాయకుడిగా నిలబడ్డాడు, తరవాత కథానాయకుడయ్యాడు. హనదా పాత్రకు ఆ ముఖం ఎంతగా సరిపోయిందో చెప్పలేను. నల్ల కళ్ళద్దాలు, చక్కటి సూటు, గంభీరమైన నడక ఉన్నాయి. కానీ ముఖంలో ఎప్పుడూ ఏదో ఒకటి సరిగ్గా కుదరనట్టు ఉంటుంది. గొప్ప హంతకుడినని అతడు ఎంత నమ్మితే మనకు అంత నవ్వు వస్తుంది. షిషిదో మాత్రం ఒక్కసారి కూడా నవ్వించడానికి ప్రయత్నించడు. పాత్రను పూర్తిగా నమ్మి చేశాడు. అన్నం వాసన పీల్చే దృశ్యంలో కూడా కళ్ళలో ఎగతాళి లేదు, నిజమైన ఆకలి ఉంది.

అన్నమే ఎందుకని అడిగితే సుజుకి ఒకచోట చెప్పిన సమాధానం నాకు ఇష్టం: ఇతడు జపాన్ హంతకుడు కాబట్టి అన్నం, ఇటలీవాడైతే మకరోనీ అయ్యేదని. హాలీవుడ్ నేర సినిమాల నుంచి తెచ్చుకున్న సూట్లు, తుపాకులు, మద్యం గ్లాసుల మధ్య ఆ కుక్కర్ ఒక్కటే పక్కా ఇంటి వస్తువు. నిక్కత్సు ఆ రోజుల్లో తీసిన ‘దేశం లేని’ యాక్షన్ సినిమాల మీద ఇంతకన్నా పదునైన వ్యాఖ్య నేను చూడలేదు. అన్నం తినే మనకు ఆ దృశ్యం ఇంకాస్త దగ్గరగా తగులుతుంది.

తెల్లకాగితం

చీకటి గది, కృష్ణాతీరం గార్ల మాటలు చదివి రెండో సగాన్ని మళ్ళీ చూశాను. ఒకటో నంబరు వచ్చాక సినిమా పూర్తిగా ఇంకో దారి పడుతుంది. మొదటి సగంలో అంత వేగంగా పోయిన సినిమా ఒక గదిలో ఇద్దరు మగవాళ్ళ దగ్గర ఆగిపోతుంది. అక్కడ మీరందరూ ఏమి చూస్తున్నారో చెప్పండి. నాకు అది సాగినట్టే అనిపించింది.

రీలుపెట్టె

ముగింపు తెలియకూడదనుకునేవారు ఈ వ్యాఖ్య దాటేయండి.

నాకు సినిమాలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. ఒకటో నంబరు మొదట ఫోనులో బెదిరిస్తాడు. హనదా ఇల్లు దాటి బయటికి రాలేడు. తరవాత ఒకటో నంబరే ఆ ఇంట్లోకి వచ్చి మకాం పెడతాడు. ఇద్దరూ ఒకరినొకరు చంపాలి, ఎప్పుడన్నది తేలదు. అందుకని కలిసి తింటారు, కలిసి నిద్రపోతారు. చేయీ చేయీ పెనవేసుకుని మూత్రశాలకు కూడా కలిసే వెళతారు. ఒకటో నంబరు కళ్ళు తెరిచే నిద్రపోతాడు. కదిలితే అదను పోతుందని కూర్చున్నచోటే బట్టలు తడుపుకుంటాడు, దాన్నీ తన వృత్తి క్రమశిక్షణగానే చూస్తాడు. ఆ ముఖంలో సిగ్గు లేదు, గర్వం ఉంది.

హనదా సినిమా పొడుగునా కోరుకున్న శిఖరం ఇది. అక్కడికి చేరినవాడు ఎలా ఉంటాడో సుజుకి దగ్గరగా, తీరిగ్గా చూపిస్తాడు. అందుకే ఆ వేగం తగ్గింది. వేగంగా చూపిస్తే ఒకటో నంబరు భయంకరుడిగా మిగిలేవాడు. తీరిగ్గా చూపించడం వల్ల ఉచ్చ వాసన వేసే ఒంటరివాడుగా మిగిలాడు. అది చూసి కూడా హనదా కోరిక చావదు. వ్యాయామశాలలో, బాక్సింగ్ రింగులో చివరి పోరు. నుదుటి పట్టీ తూటాను ఆపుతుంది, ఒకటో నంబరును కాలుస్తాడు, గెలుస్తాడు. చంకకర్రలతో వచ్చిన మిసాకోను ఎవరో చూడకుండానే కాల్చేస్తాడు. తానే ఒకటో నంబరునని అరుస్తూ రింగు మీదనుంచి పడిపోతాడు.

మల్లెపందిరి గారు ఆ తూటా ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. ఒకటో నంబరు కావాలన్న ఆ వెర్రిలోంచే వచ్చిందని నా సమాధానం. అతడు ప్రేమించిన ఒక్క మనిషినీ గుర్తుపట్టలేని స్థితికి తెచ్చింది అదే.

చీకటి గది

దీనికి యుద్ధాన్ని కూడా కలిపి చూడాలి. సుజుకి 1923లో టోక్యోలో పుట్టాడు. 1943లో సైన్యంలోకి తీసుకున్నారు. ఎక్కిన ఓడ మునిగి గంటల తరబడి సముద్రంలో తేలుతూ బతికాడు. యుద్ధంలో చావును చూసినప్పుడు అది హాస్యాస్పదంగా తోచేదని ఆయన తరవాతి ఇంటర్వ్యూల్లో పలుమార్లు చెప్పాడు. అది చావును చులకన చేసే మాట కాదు. పెద్ద పెద్ద మాటలు చెప్పి పంపిన మనుషులు అర్థం లేకుండా పోవడాన్ని కళ్ళతో చూసినవాడి మాట. హోదాల కోసం, ఆజ్ఞల కోసం ఒకరినొకరు చంపుకునే ఈ హంతకుల వెనక ఆ సైన్యం ఉందని నేను నమ్ముతాను.

ఇదే కాలంలో తోయెయ్ సంస్థ తీసిన యాకుజా సినిమాల్లో కత్తి పట్టిన వీరుడు మాట కోసం, ధర్మం కోసం చస్తాడు. థియేటర్లో జనం చప్పట్లు కొట్టేవారు. సుజుకి హంతకులకు ధర్మం లేదు, వరస సంఖ్య మాత్రమే ఉంది.

ఓరుగల్లు పాఠకుడు

యుద్ధం కోణం నాకు కొత్త. ఆ దృష్టితో చూస్తే ఆజ్ఞలిచ్చే యబుహరా పాత్ర కూడా ఇంకోలా అర్థమవుతుంది. హనదా పగ తీర్చుకుందామని అతడికోసం కాచుకుని కూర్చుంటే, వచ్చేసరికి అతడి తలలో అప్పటికే తూటా ఉంటుంది. ఆజ్ఞలిచ్చేవాడిని కూడా ఎవరో చంపేశారు, ఎందుకో ఎవరూ చెప్పరు. నేను దీన్ని కథలో రంధ్రమనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. అయినా నిక్కత్సు యజమాని మీద నా సానుభూతి తగ్గదు.

కృష్ణాతీరం

సంగీతం గురించి కూడా ఒక మాట. సంగీతం ఇచ్చిన నవోజుమి యమమోతో, రెండేళ్ళ తరవాత మొదలైన తొరా-సాన్ సినిమాలకూ సంగీతం ఇచ్చినాయనే. ఇంటిల్లిపాదీ చూసే ఆ సినిమాల రాగం కట్టిన చేయీ ఈ జాజ్ కట్టిన చేయీ ఒకటే! మొదట్లో, చివర్లో వినిపించే హంతకుడి పాట పాడింది రచయిత అత్సుషి యమతోయా. ఆయన ఇందులో నాలుగో నంబరు హంతకుడిగా కూడా నటించాడు. మనుషులు తక్కువ, చేసిన పనులు ఎక్కువ.

హనదా మతి తప్పి నడిచే చోట తెరమీద గీసిన సీతాకోకచిలుకలు, పక్షులు, వాన గీతలు వచ్చి పడతాయి. అదంతా 1967లో, ఆ చిన్న బడ్జెట్టులో!

మల్లెపందిరి

జిమ్ జార్ముష్ 1999లో తీసిన ‘గోస్ట్ డాగ్’లో నీటి గొట్టంలోంచి కాల్చే దృశ్యం, తుపాకీ మీద పిట్ట వాలే దృశ్యం నేరుగా ఈ సినిమాకు నమస్కారాలు. నేను ముందు అదే చూశాను. అందులోని హంతకుడు ఒంటరివాడే, కానీ ఇతరుల పట్ల మర్యాద ఉంది. అందుకేనేమో అది నాకు ఎక్కువ నచ్చింది. తరవాత సుజుకి దగ్గరికి వస్తే ఆ మర్యాద లేదు, పదును మాత్రం ఎక్కువ. నా ఫిర్యాదు అలాగే ఉంది. అయినా మూడోసారి చూస్తాను.

తెల్లకాగితం

సుజుకి సినిమాలు ఇంకా చూడాలంటే ఏ వరసలో చూడమంటారు?

పదహారు ఎంఎం

ముందు ‘టోక్యో డ్రిఫ్టర్’ చూడండి. కథ సులభం, రంగులు కళ్ళు చెదిరేలా ఉంటాయి, పాట గుర్తుండిపోతుంది. తరవాత 1966లోనే వచ్చిన ‘కెంకా ఎరెజీ’ చూడండి. 1930ల నాటి విద్యార్థి కొట్లాటల కథ, సైనికవాదం ఎలా తలకెక్కుతుందో నవ్విస్తూనే చూపిస్తుంది. చీకటి గది గారు చెప్పిన యుద్ధం కోణం అందులో తేటతెల్లంగా ఉంటుంది. ఆ రెండూ అయ్యాక మళ్ళీ హనదా దగ్గరికి రండి. 2001లో సుజుకి తన డెబ్బై ఎనిమిదో ఏట తీసిన ‘పిస్టల్ ఒపేరా’ చివరికి ఉంచుకోండి. అందులోనూ హంతకుల వరస సంఖ్యలే, కానీ ఈసారి మూడో నంబరు ఒక స్త్రీ. మల్లెపందిరి గారు అది చూసి ఇక్కడ రాస్తే చదవాలని ఉంది.

మల్లెపందిరి

ఈ వారాంతం చూసి రాస్తాను.